తేనెటీగ కాని తేనెటీగ

మూలవాక్యము: యోహాను సువార్త 7:24
చదువవలసిన భాగములు: ఆదికాండము 27:18–27, న్యాయాధిపతులు 14:5–9, మత్తయి 13:24–30, యోహాను 20:24–29

ఉదయపు ఎండలో పూలమడియొద్ద ఆడుకొనుచున్న బాలుడొకడు పువ్వు కోయుటకు చేయి చాపి, అంతలోనే వెనుకకు తీసికొనును. పువ్వుమీద గోధుమవన్నె దేహముగల పురుగొకటి వ్రాలియున్నది. దాని పొట్టపై నారింజరంగు మచ్చలు, వీపుపై సన్నని నూగు కనబడుచున్నవి. తేనెటీగ కుట్టునని బాలుడు కేకవేయును. తండ్రి పరుగెత్తివచ్చి, చెప్పు తీసి, దానిని కొట్టి చంపును. అప్పుడు బాలుని భయము తీరును. అయితే చచ్చినది తేనెటీగ కాదు. దానికి కుట్టుటకు ముల్లే లేదు. అది ఒక ఈగ.

ఆ ఈగ సిర్ఫిడ్ అను కుటుంబమునకు చెందినది. గాలిలో ఒకేచోట కదలక నిలిచి రెక్కలాడించు నేర్పు ఈ ఈగలకు కలదు గనుక ఇంగ్లీషువారు వీటిని హోవర్‌ఫ్లై అని పిలుచుచున్నారు. లోకమంతట ఆరువేలకు పైగా జాతులు ఈ కుటుంబములో కనుగొనబడియున్నవి. వాటిలో కొన్ని కందిరీగను, కొన్ని తేనెటీగను పోలియుండును. తేనెటీగను మిక్కిలిగా పోలిన జాతికి ఎరిస్టాలిస్ టెనాక్స్ అని పేరు. టెనాక్స్ అను నామమును స్వీడను దేశస్థుడగు లిన్నేయసు 1758లో దానికిచ్చెను. ఈ చిన్న ప్రాణిని గుర్తుపట్టుటలో విశ్వాసి నేర్చుకొనదగిన గొప్ప పాఠమొకటి ఇమిడియున్నది.

ప్రాచీనుల పొరపాటు

దీనిచేత మోసపోయినవారు పిల్లలు మాత్రమే కారు. చచ్చిన యెద్దు కళేబరమునుండి తేనెటీగలు పుట్టునని గ్రీకులును రోమీయులును పూర్వకాలమున నమ్మిరి. రోమా కవియగు వర్జిల్ తన జియోర్జిక్స్ అను కావ్యపు నాలుగవ భాగములో ఆ విధానమును వర్ణించియున్నాడు. అతని తరువాత అనేక శతాబ్దములవరకు పండితులు సహితము దానిని నిజమని యెంచిరి. 1894లో కార్ల్ రాబర్ట్ ఓస్టెన్-సాకెన్ అను కీటకశాస్త్రజ్ఞుడు ఈ సంగతినిగూర్చి ఒక గ్రంథము ప్రచురించెను. ఆయన రష్యా ప్రభుత్వ రాయబార ఉద్యోగముచేసినవాడు. ప్రాచీనులు కళేబరముయొద్ద చూచినవి తేనెటీగలు కావనియు, ఎరిస్టాలిస్ టెనాక్స్ అను ఈగలే అనియు ఆయన వాదించెను. ఆ ఈగ పిల్లలు కుళ్లిన ద్రవములో పెరుగును. పెద్దవై రెక్కలు వచ్చి బయలుదేరినప్పుడు తేనెటీగలవలె కనబడును. చూచినవారు అనేకులు, రెక్కలు లెక్కించి ఆ నమ్మికను సరిచూచినవారు కరవైరి.

ఇచ్చట బైబిలు చదువరికి సమ్సోను వృత్తాంతము జ్ఞాపకము వచ్చును. తిమ్నాతు త్రోవలో అతడు చంపిన సింహపు కళేబరములో కొన్నాళ్లకు తేనెటీగలు కనబడెనని న్యాయాధిపతుల గ్రంథము తెలుపుచున్నది. అవి ఈగలు కావా అని యెవరైన అడుగవచ్చును. గ్రంథమే ఆ ప్రశ్నకు ఉత్తరమిచ్చుచున్నది. అచ్చట తేనెయు ఉండెను. సమ్సోను దానిని చేతులతో తీసికొని తినుచు నడిచెను. తలిదండ్రులకును ఇచ్చెను, వారును తినిరి. ఎరిస్టాలిస్ ఈగ యెంత అందముగా తేనెటీగను పోలినను, ఏ కళేబరములోను ఏ చెట్టుతొఱ్ఱలోను ఒక్క చుక్క తేనె కూర్చజాలదు. చారలు చూచి తేనెటీగ యనుటకంటె తేనె చూచి తేనెటీగ యనుట క్షేమము. ఫలములవలన వృక్షమును తెలిసికొనవలెనని ప్రభువు కొండమీద బోధించినదియు ఇదియే.

రంగు చాలని సాక్ష్యము

ఎరిస్టాలిస్ టెనాక్స్‌ను రంగుబట్టి గుర్తింపబోవువాడు త్వరలోనే చిక్కులో పడును. ఒక ఈగ పొట్టపై నారింజ మచ్చలు విశాలముగా నుండును. అదే జాతిలో మరియొక ఈగ దాదాపు నలుపై యుండును. ఈ కుటుంబములోనే ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ అను మరియొక జాతి కలదు. గూటిదశలో చలి తగిలినయెడల దాని దేహము నల్లబారును. వెచ్చదనము తగిలినయెడల నారింజ వన్నె హెచ్చును. తల్లి యొక్కతే, జాతి యొక్కటే, అయినను ఋతువునుబట్టి రంగు మారుచున్నది. కావున కీటకముల నెరిగినవాడు రంగును చూచును గాని, రంగుమీదనే తీర్పు చెప్పడు.

మనుష్యుల మధ్య ఈ జాగ్రత్త ఎంత అరుదు! ఒకడు సంఘములోనికి అడుగుపెట్టగానే వాని వస్త్రము, వాని మాటతీరు, వాని యూరు, వాని కులము విచారింపబడును. ఇవన్నియు పైచారలే. నజరేతునుండి మంచిదేదైన రాగలదా అని నతనయేలు సందేహించినప్పుడు ఫిలిప్పు వాదమునకు దిగలేదు. దగ్గరకు వచ్చి చూడుమని మాత్రమే పిలిచెను. యూరునుబట్టి తీర్పు తీర్చబోయినవాడు దగ్గరకు వచ్చెను. వచ్చినవాడు రక్షకుని కనుగొనెను. రాకయే యుండినయెడల అతడెంత పోగొట్టుకొనియుండును!

దగ్గరకు వచ్చి చూచు గురుతులు

గురుతులు ఎరిగినవాడు ఈగను ఎట్లు పరిశీలించును? మొదట రెక్కలు లెక్కించును. తేనెటీగకును కందిరీగకును నాలుగు రెక్కలు. వెనుక రెక్కలు చిన్న కొక్కెములతో ముందు రెక్కలకు తగిలియుండుటచేత అవి రెండే యని దూరమునుండి తోచును. ఈగకు నిజముగా రెండే రెక్కలు. వెనుక రెక్కలుండవలసిన చోట గదలవంటి చిన్న కాడలు రెండు ఉండును. ఎగురునప్పుడు దేహమును సరిగా నిలుపుకొనుటకు సృష్టికర్త వాటిని అమర్చెను.

పిమ్మట అతడు తలను చూచును. తేనెటీగ మీసములు పొడవుగా ఉండి మోచేతివలె వంగియుండును. ఈ ఈగ మీసములు పొట్టివి. ఒక్కొక్కదానిపై వెంట్రుకవంటి కాడ యొకటి యుండును. కన్నులు మిక్కిలి పెద్దవై తలలో అధికభాగమును ఆక్రమించును.

మూడవది మరింత సూక్ష్మమైన గురుతు. రెక్కలోని ఈనెల నడుమ ఒక సన్నని గీత యుండును. అది ఈనెవలె కనబడును గాని నిజమైన ఈనె కాదు. దాని కొనలు ఏ ఈనెతోను కలియవు. శాస్త్రజ్ఞులు దానికి మిథ్యా ఈనె అని పేరు పెట్టిరి. కొద్ది జాతులు తప్ప సిర్ఫిడ్ కుటుంబమంతటికిని ఈ గురుతు కలదు. నూగునుబట్టియు చారలనుబట్టియు తేనెటీగ యనిపించుకొన్న ప్రాణి ఈ చిన్న గీతయొద్ద తన నిజమైన కుటుంబమును ఒప్పుకొనును.

కుటుంబము తెలిసిన పిమ్మట జాతిని తెలిసికొనవలెను. ఎరిస్టాలిస్ ఈగల రెక్కలో పొడవైన ఈనె యొకటి లోతుగా క్రిందికి వంగి మరల పైకి లేచును. టెనాక్స్ జాతికి వెనుకకాలి పిక్కభాగము లావై వంగియుండును; ముఖము నడుమ వెడల్పైన నల్లని పట్టీ దిగును. అన్నిటికంటె ముఖ్యమైన గురుతు కన్నులమీద నున్నది. దట్టమైన ముదురు వెంట్రుకలు రెండు నిలువు పట్టీలుగా ఆ కన్నులపై మొలచియుండును. భూతద్దము పట్టి, ఊపిరి బిగబట్టి, ఈగ నిలిచినంతసేపు కనిపెట్టినవానికే ఈ గురుతు కనబడును. తొందరపడువానికి అది దొరకదు.

శాస్త్రజ్ఞుల యొద్ద మరియొక మంచి అలవాటు కలదు. స్ఫీరోఫోరియా అను మరియొక తెగలో అనేక జాతుల ఆడు ఈగలను పైరూపముచేత వేరుపరచుట సాధ్యము కాదు. అట్టిది దొరికినప్పుడు నిజాయితీగల పరిశీలకుడు తెగ పేరు మాత్రమే వ్రాసి, జాతి పేరు వ్రాయవలసిన చోటు ఖాళీగా విడిచిపెట్టును. తెలియనిచోట ఊహించి పేరు పెట్టుటకంటె ఖాళీ విడుచుట మేలని అతడెరుగును. కాలము రాకమునుపే తీర్పు తీర్చవద్దనియు, చీకటిలోని రహస్యములను వెలుగులోనికి తెచ్చు ప్రభువు వచ్చువరకు నిలువుమనియు అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు బోధించెను. ఈగ విషయములో శాస్త్రజ్ఞుడు చూపు ఈ వినయమును సహోదరుని విషయములో విశ్వాసి చూపవలదా?

స్వరమును విడిచి చర్మమును నమ్మిన తండ్రి

ఇస్సాకు వృద్ధుడై కన్నులు మసకబారియున్న దినమున యాకోబు మేకపిల్లల చర్మమును చేతులకు కప్పుకొని, అన్న వస్త్రములు ధరించి, తండ్రియెదుట నిలిచెను. ఇస్సాకునకు నిజమైన గురుతు దొరకకపోలేదు. వచ్చినవాని కంఠము యాకోబుదని అతని చెవి గ్రహించెను, నోరు ఒప్పుకొనెను. అయినను అతడు రోమముగల చేతులను తడిమి, వస్త్రముల వాసన చూచి, ఆశీర్వచనము పలికెను. అనుకరింపరాని గురుతును విడిచిపెట్టి, అనుకరింపదగిన గురుతును పట్టుకొనెను. ఆ యొక్క పొరపాటునుండి యింటిలో పగ పుట్టెను; చిన్న కుమారుడు దూరదేశమునకు పారిపోయెను; అతడు తిరిగివచ్చుటకు అనేక సంవత్సరములు పట్టెను. గురుతును తప్పుగా చదువుట చిన్న తప్పు కాదు. దానివలన కుటుంబములు విడిపోవును.

మందు చల్లిన చేను

టెనాక్స్‌కు బంధువులైన మరికొన్ని సిర్ఫిడ్ జాతులు పొలములలో నివసించును. అలసంద చేలను, వేరుశనగ చేలను పట్టు నల్లని పేనుబంక తెలుగు రైతులకు బాగుగా తెలియును. లేత కొమ్మలనిండ అది గుంపుగా చేరి రసము పీల్చును. ఆ గుంపుల నడుమ సిర్ఫిడ్ ఈగ తెల్లని గ్రుడ్లు పెట్టును. గ్రుడ్డునుండి వెలువడు పిల్లపురుగునకు కాళ్లు లేవు, కన్నులు లేవు. చూచుటకు చిన్న జలగవలె నుండును. అది మెల్లగా ప్రాకుచు ఒక్కొక్క పేనుబంక పురుగును నోట పట్టి, పైకెత్తి, దాని రసము పీల్చి, ఒట్టి తోలును పారవేయును. తాను పెరుగు కొద్దిదినములలోనే వందలకొలది పురుగులను తిని చేనును కాపాడును. వ్యవసాయ శాఖవారు దీనిని మిత్రపురుగుల పట్టికలో చేర్చియున్నారు.

ఎరుగని రైతు చేనులోనికి వచ్చి, ఆకు త్రిప్పి, ఆ ప్రాకు పురుగును చూచును. ఇదే నా పంటను తినుచున్నదని తలంచి ఆ దినముననే మందు చల్లును. పేనుబంకలో అధికభాగము చచ్చును. దానిని తినుచున్న పిల్లపురుగులును చచ్చును. కొన్నాళ్లకు మిగిలిన పేనుబంక మరల పెరుగును. ఈసారి దానిని తినువారు చేనులో లేరు. తన పొలముకొరకు పనిచేయుచున్న సేవకుని తన చేతనే చంపితినని ఆ రైతు ఎరుగడు.

ప్రభువు చెప్పిన గురుగుల ఉపమానము ఇట్టి చేనియొద్దనే అర్థమగును. గురుగులు వెన్ను వేయువరకు గోధుమను మిక్కిలిగా పోలియుండును. పెరికివేయుదుమా అని దాసులు అడిగిరి. వారి ఆసక్తి మంచిదే. వారి కన్ను మాత్రము ఆ పనికి చాలదు. గురుగులతోకూడ గోధుమలును పెల్లగింపబడునేమో అని యజమానుడు భయపడి, కోతకాలమువరకు ఆగుమని సెలవిచ్చెను. ఆయనకు గురుగులమీద ప్రేమ లేదు. ఒక్క గోధుమ మొక్కయైనను పొరపాటున నశింపకూడదనియే ఆయన కోరిక.

అట్టి తొందర సంఘములలో జరుగుట లేదా? ఒక స్త్రీ ప్రతి ఆదివారమును ఆలస్యముగా వచ్చి, వాకిటియొద్ద చాపమీద కూర్చుండి, ఆశీర్వచనము ముగియగానే వెడలిపోవును. ఆమెకు భక్తి లేదని నలుగురు చెప్పుకొందురు. పెద్దలలో ఒకడు ఆమె పేరును ప్రభురాత్రి భోజనపు పట్టీనుండి తీసివేయవలెననును. ఆమె యింటికి వెళ్లి విచారించినవాడు ఒక్కడును లేడు. వెళ్లియుండినయెడల, పొరుగింటిలో మంచముపట్టిన ముసలమ్మకు స్నానము చేయించి, గంజి పట్టించి, పక్క మార్చి, ఆ తరువాతనే ఆమె ఆరాధనకు బయలుదేరుచున్నదని తెలిసియుండును. వాకిటియొద్ద కూర్చున్నది సంఘముయొక్క మిత్రురాలు. మందు చల్లుటకు సిద్ధపడినవారు సంఘపు పెద్దలు. మొదటి వరుసలో తెల్లని వస్త్రములతో కూర్చుండి బిగ్గరగా కీర్తనలు పాడువాని యింట తేనె యున్నదో లేదో అని మాత్రము ఎవరును అడుగరు. వాని చారలు అందముగా నున్నవి గదా!

దేవాలయములో ప్రభువు రూపమునుబట్టి కాక న్యాయమునుబట్టి తీర్పు తీర్చుమని బోధించిన సందర్భమును చదువరి మరువరాదు. విశ్రాంతిదినమున ఆయన ఒక రోగిని స్వస్థపరచెను. చూచినవారికి ఆజ్ఞ మీరినట్లు కనబడెను; స్వస్థత పొందిన మనుష్యుడు కనబడలేదు. ఆ పైచూపు అంతకంతకు ముదిరి ఆయనను చంప వెదకువరకు వచ్చెను. రూపమును చూచి తీర్పు తీర్చు అలవాటు ఎంతదూరము పోగలదో సిలువయే తెలుపుచున్నది.

తనమీద నిలుపవలసిన చూపు

అయితే ఈ పాఠమును పొరుగువానికే ఉపయోగించువాడు సగము మాత్రమే నేర్చుకొనినవాడు. ఈగ వేషధారి కాదు. తేనెటీగ చారలను అది కోరి కప్పుకొనలేదు. పక్షుల వాతనుండి తప్పించుకొనుటకు అది దానికి పుట్టుకతో కలిగిన రక్షణ. ఇంతేకాక అది పువ్వునుండి పువ్వునకు పుప్పొడి చేరవేసి తన పని తాను నమ్మకముగా చేయుచున్నది. మానవుడు మాత్రమే తన చారలను తానే ఎన్నుకొని కప్పుకొనును. క్రైస్తవ నామము, చంకలో గ్రంథము, నోట స్తోత్రము, కమిటీలో స్థానము: ఇవన్నియు నూగును చారలును మాత్రమే కావచ్చును. మనుష్యులు అంతవరకే చూతురు. రెక్కలోని సన్నని గీతను చూచువాడు ఒకడు కలడు. కంటికి కనబడినదానినిబట్టి తీర్పు తీర్చనివాడని యెషయా ప్రవక్త ముందుగానే తెలిపినది ఆయననుగూర్చియే. ఇంటిలోపల భార్యతో పలుకు మాట, కూలివాని చేతిలో పెట్టు డబ్బు, ఎవరును చూడని గదిలో చేయు ప్రార్థన: ఇవి ఆయన భూతద్దము క్రింద నున్నవి.

ఈ మాట విని కృంగువానికి ఆదరణయు కలదు. ఎరిస్టాలిస్ ఈగ తన బాల్యమును ఎచ్చట గడుపును? మురుగునీటిలో, పెంటకుప్పల రొచ్చులో గడుపును. పొడవైన తోకవంటి గొట్టమును నీటిపైకి చాచి దానిద్వారా గాలి పీల్చుకొనుచు అది బ్రదుకును. ఆ దినములలో దానిని చూచినవాడు ఇది పువ్వులమీద వ్రాలునని ఊహింపజాలడు. గూడు పగిలి రెక్కలు విప్పిన దినమున అది రొచ్చును విడిచి వెలుగులోనికి లేచును. కొరింథు సంఘస్థులలో కొందరి పూర్వపు నడతను పౌలు దాచలేదు. అయితే వారు కడుగబడి, పరిశుద్ధపరచబడి, నీతిమంతులుగా తీర్చబడిరని సాక్ష్యమిచ్చెను. విడిచివచ్చిన పాపపు రొచ్చునుబట్టి కాక, పొందిన నూతన జీవమునుబట్టియే ప్రభువు తన వారిని లెక్కించును.

గాయముల గురుతు

తుదకు గురుతులలోకెల్ల గొప్ప గురుతును చూచుట మేలు. పునరుత్థానుడైన ప్రభువు మూయబడిన తలుపుల నడుమ శిష్యులయెదుట నిలిచినప్పుడు ఆయన కిరీటమును చూపలేదు, తేజస్సును చూపలేదు. చేతులను ప్రక్కను చూపెను. తోమా ఆ దినమున లేకపోయెను. దూరమునుండి విన్న మాటతో అతడు తృప్తిపడలేదు; దగ్గరగా చూడవలెనని కోరెను. ప్రభువు అతనిని త్రోసివేయక, ఎనిమిది దినములైన తరువాత వచ్చి, ఆ గాయములనే అతనియెదుట ఉంచెను. తోమా ఆయనను తన ప్రభువని, తన దేవుడని ఒప్పుకొనెను. మహిమను అనుకరించు అబద్ధ క్రీస్తులు రావచ్చును, సూచకక్రియలు అనుకరింపబడవచ్చును. ఇతరులకొరకు పొందిన ఆ గాయములను అనుకరించువాడెవడు? యేసుయొక్క గురుతులు తన శరీరమందు ధరించియున్నానని పౌలు గలతీయులకు వ్రాసినదియు ఇట్టి గురుతులనుగూర్చియే. ప్రేమవలన కలిగిన నష్టము, ఓర్పుతో మోసిన భారము, పరులకొరకు పడిన శ్రమ: ఇవే నిజమైన శిష్యుని రెక్కలోని గీతలు.

పూలమడియొద్ద చెప్పు ఎత్తిన తండ్రి ఒక్క క్షణము వంగి చూచినయెడల, కుమారునికి భయమును కాక ఒక అద్భుతమును చూపగలిగియుండును. చేనిలోని రైతు ఒక్క దినము ఆగినయెడల తన మిత్రుని గుర్తుపట్టియుండును. సంఘపు పెద్దలు ఒక్క సాయంత్రము వాకిటియొద్ద కూర్చున్న స్త్రీ యింటికి నడిచినయెడల ప్రభువు దాసురాలిని చూచియుండును. ఈ సంవత్సరమున ప్రతి విశ్వాసియు ఒకని పేరును పట్టీనుండి కొట్టివేయకమునుపు ఒకమారు వాని వాకిలి తట్టునట్లును, ఇతరుని చారలు లెక్కించుటకు ముందుగా తన యింట తేనె యున్నదో లేదో వెదకుకొనునట్లును, హృదయములను పరిశోధించు ప్రభువు కృప దయచేయును గాక. ఆమేన్.